జావళికి మళ్ళీ మంచిరోజులు వస్తాయా?

మొన్న మన సంఘం జరిపిన ఉగాది కార్యక్రమంలో, పంచాంగ శ్రవణం అయ్యాక, పిల్లల నాటికకు ముందు ఒక అమ్మాయి చేసిన నృత్యం మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఖమాసు రాగం, ఆది తాళం, అంతా కలిపి ఆరు నిమిషాలు. నాయిక వాకిట్లో నిలబడింది. వేళకాని వేళ వచ్చినవాణ్ణి గుమ్మం దాటనివ్వలేదు. నిన్న రాత్రి అతగాడు ఎవరింట్లో ఉన్నాడో తనకు తెలుసునంది. ఆ ఇంటావిడ నడకను వెక్కిరించి చూపింది. కోపగించింది. చివరకు తలుపు మూసినట్టే మూసి ఓరగా ఉంచింది. హాలులో కొందరు నవ్వారు. కొందరు నవ్వాలో వద్దో తెలియక పక్కవారి వంక చూశారు. ఎందుకంటే చేతిలో ఉన్న కార్యక్రమ పత్రంలో ఆ అంశానికి ఎదురుగా ‘భగవంతుని కోసం భక్తురాలి ఆవేదన’ అని ఉంది.

భోజనాల వరసలో ఆ అమ్మాయి చెల్లెలు, తొమ్మిదేళ్ళ పిల్ల, తల్లిని అడిగింది: "అమ్మా, ఆ పాటలో దేవుడెక్కడున్నాడు?" ఆ తల్లి మా వంక చూసింది. మేము పులిహోర వంక చూశాం. పత్రంలో ఆ వాక్యం రాసింది మేమే.

ఆ పిల్లకు ఆనాడు చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం. ఆ పాటలో దేవుడు లేడు. అది జావళి. జావళి అంటే ఏమిటో, అది ఎందుకు కనుమరుగైందో, మళ్ళీ వచ్చే అవకాశం ఉందో లేదో కాస్త నిదానంగా ఆలోచించి చూద్దామని మా ప్రయత్నం. మేము సంగీత విద్వాంసులం కాము. వినికిడి వల్ల, చదువు వల్ల కలిగిన అభిప్రాయాలివి. పొరపాట్లుంటే తెలిసినవారు వచ్చే సంచికలో సరిదిద్దగలరు.

పదమూ జావళీ అని జంటగా అంటుంటాం గాని రెంటికీ తేడా చాలా ఉంది. పదం పెద్దది, జావళి చిన్నది. పదానికి పెద్ద దిక్కు 17వ శతాబ్దంలో ఉన్న క్షేత్రయ్య. కృష్ణా జిల్లా మొవ్వ గ్రామం, మువ్వగోపాల ముద్ర, తంజావూరు విజయరాఘవ నాయకుని ఆదరణ, ఇవన్నీ మనం చదువుకున్నవే. పదం విలంబంగా నడుస్తుంది. ఒక్కొక్క మాట మీద రాగం నిండా పరుచుకుంటుంది. జావళి 19వ శతాబ్దపు పిల్ల. మైసూరు, తంజావూరు ప్రాంతాల్లో, తెలుగులోనూ కన్నడంలోనూ పెరిగింది. నడక చురుకు. ఖమాసు, కాపి, బేహాగు, పరజు వంటి, విన్నవెంటనే చెవికెక్కే రాగాలు. పల్లవి, అనుపల్లవి, ఒకటి రెండు చరణాలు. మాటలు ఇంట్లో మాట్లాడుకునేవి. సమాసాలు తక్కువ, దెప్పిపొడుపులు ఎక్కువ. నాయకుడు రాజూ కాడు, దేవుడూ కాడు. డబ్బో పలుకుబడో ఉన్న మామూలు మగవాడు. నాయిక అతణ్ణి రమ్మంటుంది, పొమ్మంటుంది, చెలికత్తెతో చాడీలు చెబుతుంది, బేరమాడుతుంది.

జావళీలు రాసినవారిలో తంజావూరు అన్నదమ్ములు నలుగురిలో పెద్దవాడైన చిన్నయ్య ఉన్నాడు. ధర్మపురి సుబ్బరాయరు, పట్టాభిరామయ్య, తిరుపతి నారాయణస్వామి నాయుడు పేరుమోసినవారు. కరూరు శివరామయ్య రాసిన ఒక జావళిలో ఇంగ్లీషు మాటలు తెలుగు మాటల పక్కన దర్జాగా కూర్చుంటాయి. మన పిల్లలు ఇంగ్లీషు కలిపి తెలుగు మాట్లాడుతున్నారని దిగులుపడే పెద్దలు ఒకసారి ఆ పాట వింటే దిగులు కొంత తీరుతుంది. జావళి ఏనాడూ మడికట్టుకొని కూర్చున్న ప్రక్రియ కాదు. తన కాలంలో తన వీధిలో వినిపించిన మాటనల్లా నోట వేసుకున్నది. కొన్ని జావళీల చివర స్వామి పేరు వస్తుంది నిజమే. ధర్మపురి సుబ్బరాయరు ధర్మపురి స్వామిని పిలుస్తాడు. కాని అది వాగ్గేయకారుడి సంతకం. చెక్కు మీద సంతకం ఉన్నంత మాత్రాన చెక్కు సంతకం చేసినవాడిని గురించి కాదు గదా.

రాసినవారు మగవారు. దాన్ని బతికించినవారు ఆడవారు. తమిళదేశంలో దేవదాసీలు, మన గోదావరి సీమలో కలావంతులు. పెద్దాపురం, మండపేట, మురమండ, బల్లిపాడు వంటి ఊళ్ళలో ఈ కుటుంబాలుండేవి. ఆలయంలో సేవ, జమీందారుల కొలువులో కచేరీ, పెళ్ళిళ్ళలో మేళం, ఇవి వారి వృత్తి. పాడేదీ ఆడేదీ ఒకరే. అభినయించే మనిషి నోట పాట ఉండేది. చాలాసార్లు కూర్చునే అభినయించేవారు. ఒకే వాక్యాన్ని పదిసార్లు పాడితే పదిసార్లూ అర్థం మారేది. ‘రావద్దు’ అన్న మాటను కోపంగా, అలసటగా, కొంటెగా, ఏడుపును మింగుతూ, లోలోపల రమ్మంటూ చెప్పగలగడం వారి విద్య. ఈ విద్యకు సాహిత్య జ్ఞానం కావాలి, రాగజ్ఞానం కావాలి, మనుషుల్ని చూసిన కన్ను కావాలి. ఆ రోజుల్లో మన దేశంలో ఆడవారికి చదువు చెప్పిన కొద్ది ఇళ్ళలో ఈ ఇళ్ళు ముఖ్యమైనవని మరువరాదు.

మరి ఇది ఎందుకు పోయింది? మొదటి దెబ్బ సంస్కరణోద్యమం నుంచి వచ్చింది. వీరేశలింగం పంతులుగారు, వారి అనుయాయులు మేళాలను బహిష్కరించమని రాశారు, మాట్లాడారు. 1893లో మద్రాసు గవర్నరుకూ వైస్రాయికీ అర్జీలు వెళ్ళాయి, నాచ్ కచేరీలకు హాజరు కావద్దని. 1892లో మొదటిసారి ఆడి, 1897లో అచ్చయి, 1909లో మరింత పెంచి రాసిన ‘కన్యాశుల్కం’లో గురజాడవారు ఈ యాంటీనాచ్ పెద్దమనుషుల్ని ఎంత సున్నితంగా గిల్లారో తెలుసు కదా. నాటకం మొత్తంలో బుద్ధి, మర్యాద, మాట నేర్పు అందరికన్నా ఎక్కువ ఉన్నది మధురవాణికే. 

రెండవది చట్టం. ఇక్కడ మా వృత్తికి చెందిన ఒక మహనీయురాలి పేరు చెప్పాలి. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి మద్రాసు మెడికల్ కాలేజీ నుంచి 1912లో పట్టా పుచ్చుకున్నారు. తరువాత శాసనమండలి సభ్యురాలయ్యారు. అడయారు కేన్సర్ ఆసుపత్రి స్థాపించారు. ఆమె తల్లి దేవదాసీ కుటుంబంలో పుట్టినావిడ. చిన్నపిల్లల్ని గుడికి సమర్పించే ఆచారాన్ని చట్టంతో ఆపాలని ఆమె పోరాడారు. ఆ పోరాటఫలంగా మద్రాసు రాష్ట్రంలో 1947 చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ 1988లో మరో చట్టం చేయవలసి వచ్చింది. ఊహ తెలియని పిల్లను జీవితాంతం కట్టిపడేసే ఆచారం పోవలసిందే. అందులో మాకు రెండో అభిప్రాయం లేదు. కాని రోగాన్ని కోసేటప్పుడు పక్కనున్న మంచి కండ ఎంత పోయిందో శస్త్రచికిత్స తరువాత లెక్క చూసుకోవడం కూడా వైద్యధర్మమే. ఆ లెక్క మన సమాజం చూసుకోలేదు. అప్పటికే తమ విద్యతో బతుకుతున్న పెద్దవారికి ఆలయమూ పెళ్ళిపందిరీ రెండూ మూసుకుపోయాయి. బదులుగా ఏ బడిలోనూ సంగీతం పంతులమ్మ ఉద్యోగమైనా చాలామందికి దొరకలేదు. 

మూడవది జమీందారీ రద్దు. మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. అంటే పాడే మనిషికీ, కూర్చుని వినే మనిషికీ దరిదాపు ఒకే సమయంలో కాలం తిరగబడింది. రైతుకు భూమి రావడం మంచిదే. కాని జావళి వినడానికి రాత్రి పదింటి వరకు తీరిక, ఒక గది, ఇరవైమంది రసికులు కావాలి. ఆ గది పోయింది.

గది పోయాక పాట మూడు చోట్ల తలదాచుకున్నది. ఈ మూడింటినీ విడివిడిగా చూస్తేగాని ‘జావళి మళ్ళీ వచ్చింది’ అనే మాట ఎంతవరకు నిజమో తేలదు.

మొదటిది సినిమా. దానికి ముందు గ్రామఫోను ఉంది. రికార్డుకు ఒకవైపు మూడు నిమిషాల చిల్లర పట్టేది. జావళి కొలత సరిగ్గా అంతే. 20వ శతాబ్దపు తొలి రోజుల్లో రికార్డులిచ్చిన గాయనులలో కోయంబత్తూరు తాయి, బెంగుళూరు నాగరత్నమ్మ వంటి వారు ఈ వర్గం నుంచి వచ్చినవారే. తరువాత మన సినిమాలు జావళి పోకడను చక్కగా వాడుకున్నాయి. ‘మల్లీశ్వరి’ (1951)లో వానరాత్రి సత్రంలో భానుమతి పాడి ఆడే పాట మనందరికీ కంఠతా వచ్చు. కృష్ణశాస్త్రిగారి మాట, రాజేశ్వరరావుగారి వరస. అది అచ్చమైన జావళి ఫణితి. సరదాకు ఒక సంగతి: మారువేషంలో ఉండి ఆ పాట విన్నవాడు 16వ శతాబ్దపు కృష్ణదేవరాయలు. జావళి పుట్టింది మరో మూడు వందల ఏళ్ళకు. అయినా ఆ తప్పు ఎవరికీ తప్పుగా తోచలేదు, పాట అంత బాగుంది గనుక. ఆ పాట మనకొక రుజువు కూడా ఇస్తుంది. జావళి కొత్తగా రాయవచ్చు. సాటి కవి రాస్తే జనం పాడుకుంటారు. కాని సినిమాలో అభినయానికి తావు లేదు. పాట ఎలా సాగాలో ముందే నిర్ణయమైపోతుంది. ఒక వాక్యాన్ని పదిరకాలుగా చెప్పే వ్యవధి కెమెరా ఇవ్వదు. సినిమా జావళి అందాన్ని కాపాడింది, విద్యను కాపాడలేకపోయింది.

రెండవది కర్ణాటక సంగీత సభ. ఇక్కడ మనం వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంటికి నమస్కరించాలి. మద్రాసులోని ఆ ఒక్క ఇంట్లో పదాలూ జావళీలూ పదిలంగా నిలిచాయి. ధర్మపురి సుబ్బరాయరు ఆ ఇంటి స్నేహితుడు. ధనమ్మాళ్ మనుమరాళ్ళు బృంద, ముక్త పాడారు. మరో మనుమరాలు బాలసరస్వతి పాడి, ఆడి చూపింది. జావళీలను స్వరపరచి పుస్తకంగా తెచ్చినదీ బృందగారే. మన అమెరికా తెలుగువారికి ఈ కథలో ఒక పాలు ఉంది: బాలసరస్వతి 1962లో జేకబ్స్ పిల్లోలో ఆడింది. తరువాత కనెక్టికట్‌లోని వెస్లియన్ యూనివర్సిటీలో బోధించింది. బృంద సియాటిల్‌లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో పాఠాలు చెప్పింది. తెలుగు రాని అమెరికన్ విద్యార్థులు తంబురా పట్టుకుని తెలుగు జావళీలు నేర్చుకున్నారు. ఆ రోజుల్లో ఈ దేశానికి వచ్చి స్థిరపడుతున్న మన డాక్టర్లు, ఇంజనీర్లలో ఎందరు వెళ్ళి విన్నారని అడగబోము. సిగ్గుపడవలసిన ప్రశ్నలు ఒక వ్యాసానికి ఒకటి చాలు.

సభలో జావళి స్థానం ఎక్కడ? చివర. రెండున్నర గంటల కచేరీలో రాగం తానం పల్లవి అయ్యాక, జనం చెప్పులు వెతుక్కునే వేళ, తుక్కడాలలో ఒకటిగా. పాడేవారు చాలామంది తమిళులు, గొప్ప విద్వాంసులు. స్వరంలో లోటుండదు. కాని దెప్పిపొడుపు ఎక్కడుందో తెలియకుండా దెప్పిపొడుపు పాడితే అది ప్రార్థనలా వినిపిస్తుంది. వినేవారికీ అర్థం తెలియదు గనుక చిక్కు లేదు. మాట పోయి రాగం మిగిలింది. జావళిలో మాట పోతే మిగిలేది సగం కూడా కాదు.

మూడవది నృత్యవేదిక, అంటే మన పిల్లలు నేర్చుకుంటున్నది. భరతనాట్యంలోనూ కూచిపూడిలోనూ జావళి ఒక అంశంగా ఉంది. కాని ఈ వేదిక మీదికి రావడానికి అది ఒక సుంకం చెల్లించవలసి వచ్చింది. 1930ల నుంచి నాట్యాన్ని మధ్యతరగతి ఇళ్ళకు తెచ్చిన పెద్దలు శృంగారాన్ని భక్తిగా మార్చి చెప్పారు. రుక్మిణీదేవి అరండేల్ కొన్ని పదాలను కూడదన్నారు. బాలసరస్వతి ఒప్పుకోలేదు. శృంగారం దానంతట అదే ఉత్తమ రసమని, దాన్ని కడగనక్కరలేదని ఆమె వాదించింది. 1975లో తమిళ ఇసై సంఘంలో చేసిన ప్రసంగంలో నాట్య కచేరీని గుడితో పోల్చి, పదం దగ్గరకు వచ్చేసరికి గర్భగుడిలోకి అడుగుపెట్టినట్టని చెప్పింది. ఇద్దరూ మహానుభావులే. గెలిచింది మాత్రం రుక్మిణీదేవిగారి పక్షం. మేము కార్యక్రమ పత్రంలో రాసిన వాక్యం ఆ గెలుపు మా కలం దాకా వచ్చిందనడానికి గుర్తు.

ఇక్కడే అసలు విషయం ఉందని మా అభిప్రాయం. తిరిగి లేచి నిలిచిన పాటలకు ఉదాహరణగా అందరం అన్నమయ్యను చెబుతాం. న్యాయమే. తిరుమల భాండారంలోని రాగిరేకులు 1922 ప్రాంతం నుంచి వెలుగు చూశాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు శ్రమించారు. దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. 1980లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి రికార్డులు ఇంటింటికీ చేరాయి. వరసలు పోయి మాటలే మిగిలిన పాటలు ఈనాడు ప్రతి తెలుగు ఇంట్లోనూ మోగుతున్నాయి. గమనించవలసినదేమంటే, అన్నమయ్య సంకీర్తనల్లో అధ్యాత్మం కన్నా శృంగారమే ఎక్కువ. అయినా ఎవరికీ అభ్యంతరం లేదు. నాయకుడు వేంకటేశ్వరుడు గనుక. క్షేత్రయ్య పదాలకూ ఆ రక్షణ కొంత ఉంది. జీవాత్మ పరమాత్మ అని ఒక మాట అనేస్తే సరిపోతుంది. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ముగ్గురూ కలిసి ఆ పదాలను ఇంగ్లీషు చేసి 1994లో ‘వెన్ గాడ్ ఈజ్ ఎ కస్టమర్’ అని పేరు పెట్టినప్పుడు కొందరు పెద్దలు నొచ్చుకున్నా, ఆ పేరులో గాడ్ ఉన్నాడు గదా అని ఊరట ఉంది. జావళికి ఆ ఊరట కూడా లేదు. వెనుక దేవస్థానం లేదు, ట్రస్టు లేదు, రథోత్సవం లేదు. ఉన్నదల్లా ఒక ఆడమనిషి, ఆమె గుమ్మం, ఆమె అభిమానం. దాన్ని దాన్నిగా మెచ్చుకుంటే తప్ప అది తిరిగి రాదు. భక్తి తొడిగి తెస్తే వచ్చేది మరొకటి.

స్వదేశంలో నిజాయితీగా జరిగిన ప్రయత్నాలు లేకపోలేదు. నటరాజ రామకృష్ణ (1923–2011) ఊరూరా తిరిగి, మరుగునపడిన కలావంతులను వెతికి పట్టుకున్నారు. 1970 ప్రాంతంలో వారిని వేదిక మీదికి తెచ్చి, ఆ సంప్రదాయానికి ఆంధ్రనాట్యమని పేరు నిలబెట్టారు. తరువాత స్వప్నసుందరి బల్లిపాడుకు చెందిన సరిదె మాణిక్యమ్మగారి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఆ బాణీకి ఆరుద్రగారు విలాసినీ నాట్యమని పేరు పెట్టారు. ఇవి లేకపోతే ఈ వ్యాసం రాయడానికి కూడా సామగ్రి ఉండేది కాదు. అయితే విమర్శకు కూర్చున్నాం గనుక ఒక మాట అనక తప్పదు. ఈ ప్రయత్నాలలో ఆలయసేవకు దక్కిన గౌరవం కచేరీ మేళానికి దక్కలేదు. హారతి, బలిహరణ వంటివి ముందు వరుసలోకి వచ్చాయి. జావళి వెనక వరుసలో నిలబడింది. గుడి భాగం చెప్పుకోవడానికి బాగుంటుంది, సావడి భాగం చెప్పుకోవడానికి బాగుండదు. డేవేష్ సొనేజీ గోదావరి ప్రాంతంలో పనిచేసి 2012లో ప్రచురించిన ‘అన్‌ఫినిష్డ్ జెశ్చర్స్’ గ్రంథంలో, ఈ స్త్రీలు తలుపులు వేసుకుని ఇళ్ళలో తమ పాటలు తాము పాడుకోవడం గురించి రాశారు. వినేవారు లేకపోయినా తమకోసం తాము పాడుకున్నారు. ఆ పేజీలు చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు యశోదా ఠాకూర్ వంటి కళాకారులు తమది కలావంతుల కుటుంబమని దాచకుండా చెప్పి మరీ వేదిక ఎక్కుతున్నారు. ఇది చిన్న విషయం కాదు.

ఇతర దేశాల్లో ఇలాంటివి ఎలా తిరిగి వచ్చాయో ఒక్కటి చూద్దాం. అర్జెంటీనా టాంగో కూడా పరువు తక్కువ వీధుల్లో పుట్టినదే. 1940ల్లో ఊరంతా ఆడి, తరువాత రాజకీయాలు మారి, రాక్ సంగీతం వచ్చి మూలపడింది. 1983లో పారిస్‌లోనూ, 1985లో న్యూయార్క్ బ్రాడ్వేలోనూ ‘టాంగో అర్జెంటీనో’ అనే ప్రదర్శన జరిగాక మళ్ళీ ప్రపంచమంతా నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఆ ప్రదర్శనలో కుర్రవారిని అలంకరించి నిలబెట్టలేదు. డాన్సు హాళ్ళలో జీవితమంతా ఆడినవారు, నడివయస్సు దాటినవారు, పొట్టలున్నవారు స్వయంగా వేదిక మీదికి వచ్చారు. విద్య ఎవరి ఒంట్లో ఉందో వారినే ముందు పెట్టారు. మనం చేసింది దీనికి సరిగ్గా ఎదురు. విద్యను అడిగి పుచ్చుకున్నాం. ఇచ్చినవారిని గడప అవతల ఉంచాం.

ఇన్ని చెప్పాక, జావళి తిరిగి వస్తుందా అంటే మా సమాధానం ఇది. ప్రదర్శనశాలలో అద్దాల బీరువాలో ఉన్నట్టుగా ఇప్పటికే వచ్చింది. అలా ఉంటూనే ఉంటుంది. బతికిన పాటగా రావాలంటే మూడు జరగాలి. ఒకటి, అభినయించేవారు పాడాలి, పాడకపోయినా పాట అర్థం మాటమాటకూ తెలిసి ఉండాలి. టేపు మీద వచ్చే పాటకు చేతులు కదిపితే జావళి కాదు. రెండు, కొత్త జావళీలు రావాలి. ఏ ప్రక్రియ అయినా పాతవే పాడుకుంటూ ఎంతకాలం బతుకుతుంది? ఈనాటి నాయిక ఎయిర్‌పోర్టులో నిలబడి ఎదురుచూడవచ్చు, ఫోను తియ్యని మగవాణ్ణి నిలదీయవచ్చు. కరూరు శివరామయ్యకు లేని జంకు మనకెందుకు? మూడు, ఇది ఎవరిదో పేరుపెట్టి చెప్పాలి. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను మళ్ళీ అచ్చువేయిస్తే 1911లో ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగడానికి 1947 దాకా పట్టింది. ఆ స్త్రీల పేర్లు చెప్పడానికి మనకు ఇంకా ఎంతకాలం పట్టాలి?

మా ఇంట్లోనే వచ్చిన ఆక్షేపణ ఒకటి ఇక్కడ చెప్పాలి. "అన్నీ బాగానే ఉన్నాయి, మరి పద్నాలుగేళ్ళ మన అమ్మాయి చేత ఆ పాట ఆడిస్తారా?" అని అడిగారు. ఆడించము. అది తప్పు పాట అని కాదు. ఆ పిల్లకు ఇంకా ఆ బాధ తెలియదు. తెలియని బాధను కనుబొమలతో చూపమంటే పిల్లకూ న్యాయం జరగదు, పాటకూ జరగదు. జావళి పెద్దవారి విద్య. బాలసరస్వతి అభినయం వయస్సు మీదపడ్డ కొద్దీ గొప్పదైందని చూసినవారు రాశారు. మన ఊళ్ళో చిన్నప్పుడు నాట్యం నేర్చుకుని, పెళ్ళి, రెసిడెన్సీ, పిల్లలు, ఇంటి అప్పు మధ్య గజ్జెలు అటక మీద పెట్టిన తల్లులు కనీసం అరడజను మంది ఉన్నారు. వారికి ఇప్పుడు కోపమంటే తెలుసు, ఎదురుచూపంటే తెలుసు, క్షమించడమంటే తెలుసు. జావళి వారిది. అరంగేట్రాల కోసం ఆడిటోరియాలు అద్దెకు తీసుకుంటాం. జావళికి ఎవరింటి బేస్‌మెంటైనా చాలు. ఒక తంబురా, ఒక జంపఖానా, ఇరవై మంది. పోయిందనుకున్న ఆ గది మనలో ప్రతివారి ఇంట్లోనూ ఉంది.

ఇంకొక సంగతి. మద్రాసు సభకు లేనిదీ, మనకు ఉన్నదీ ఒకటుంది. పాటలోని మాట విన్నవెంటనే అర్థమయ్యే చెవి. దెప్పిపొడుపు పడగానే నవ్వగల సభ. ఆ రోజు హాలులో నవ్వినవారే నిజమైన రసికులు. నవ్వు ఆపుకున్నవారిని ఆపింది మా పత్రం. ఈ చెవి మన తరంతో పోయేలా ఉంది. పిల్లలు దేవుడెక్కడ అని అడిగారంటే మాట వారికి అందిందన్నమాట. ఇంకో ఇరవై ఏళ్ళకు ఆ ప్రశ్న అడిగేవారు కూడా ఉండకపోవచ్చు. జావళికి మిగిలిన వ్యవధి అంతేనని మేము అనుకుంటున్నాం.

మొన్న ఆదివారం ఆ చిన్నపిల్ల ఇంటికి వెళ్ళి జవాబు చెప్పి వచ్చాం. "ఆ పాటలో దేవుడు లేడమ్మా. ఒకావిడ ఉంది. ఆవిడకు కోపం వచ్చింది" అన్నాం. "అది నాకు అప్పుడే తెలిసింది" అంది. తరువాత, "ఆవిడ పేరేమిటి?" అని అడిగింది. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన పెద్దలు మనలో ఉన్నారు. తమ ఊళ్ళో చిన్ననాట విన్న మేళం, పాడినవారి పేర్లు, పాట వరస ఏ కొంచెం జ్ఞాపకమున్నా కాగితం మీద పెట్టి ఇవ్వవలసిందిగా ప్రార్థన. అన్నీ కలిపి వచ్చే సంచికలో వేద్దాం. ఉగాది పత్రంలో ఈసారి ఆ అంశానికి ఎదురుగా ‘జావళి’ అని మాత్రం రాస్తాం.